కొక్కెం కింద పెట్టినవాడు

కొక్కెం గోనెలోకి దిగితే కర్రుమని చప్పుడవుతుంది. మనిషిలోకి దిగితే ఏ చప్పుడూ కాదు. ఈ సంగతి జాన్‌కు ఇరవై ఆరో ఏట తెలిసింది. మిర్యాలగూడ మిల్లులో, వానాకాలం వడ్లు లారీల మీద లారీలుగా వచ్చి పడుతున్న రోజుల్లో, పట్టపగలు.

జాన్ పుట్టింది సూర్యాపేటలో. తండ్రి గోపయ్య అక్కడి మార్కెట్ యార్డులో హమాలీ. పిల్లలు తండ్రి వీపెక్కి ఆడుకుంటారు. గోపయ్య వీపు మీద మాత్రం జాన్‌కు ఎప్పుడూ చోటు దొరకలేదు, అక్కడ ఎప్పుడూ ఒక బస్తా ఉండేది. ఒకరోజు ఆ బస్తాతో సహా ఆయన మెట్ల మీద కూలిపోయాడు. ముందు బస్తాను తీశారు, తర్వాత ఆయన్ని. పదో తరగతి పుస్తకాలు ఇంట్లోనే వదిలేసి, తండ్రి కొక్కెం నడుముకు దోపుకుని, తల్లి సుందరమ్మను వెంటబెట్టుకుని జాన్ మిర్యాలగూడ చేరాడు. మంగ్త్యా మేస్త్రీ జట్టులో కుదిరాడు. తల్లి అదే మిల్లులో ఊడ్చే పనికి చేరింది.

బస్తా మోయడం ఒకడి పని, ఎత్తడం ఇద్దరి పని. చెరో పక్కన నిలబడి, బస్తా చెవులకు కొక్కేలు తగిలించి, ఒక్క ఊపు ఊపి మూడోవాడి వీపు మీద వదులుతారు. ఎంత బలవంతుడైనా తన బస్తాను తనే ఎత్తుకోలేడు. అందుకే జట్టులో బలం కంటే నమ్మకం ఎక్కువ పనిచేస్తుంది. తొమ్మిదేళ్లు జాన్‌కు బస్తా ఎత్తినవాడు ధర్మా. తండా నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. జాన్ కంటే రెండేళ్లు పెద్ద, నవ్వితే మిల్లు రేకుల మీది పావురాలు లేచిపోయేవి.

జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. తగాదా వస్తే ముందు ఇద్దరూ కొక్కేలు కింద పెట్టాలి. ఆ తర్వాత పిడికిళ్లతో ఎంతైనా కొట్టుకోవచ్చు, పళ్లు రాలగొట్టుకోవచ్చు, ఊకలో పొర్లించి తొక్కుకోవచ్చు. కానీ కింద పెట్టినవాడి మీద కొక్కెం ఎత్తకూడదు. కింద పెట్టిన కొక్కేన్ని తగాదా తీరేదాకా మళ్లీ అందుకోకూడదు.

ఆ రోజు ధర్మా ఒక్క రెప్పపాటు ముందుగా చెయ్యి వదిలాడు. బస్తా జాన్ వీపు మీద కాకుండా మెడ మీద పడింది. కళ్ల ముందు తెల్లటి మెరుపు మెరిసింది. తండ్రి కూలిన మెట్లు కనిపించాయి. లేచి, ధర్మా తల్లి మీద ఒక పాడుమాట అన్నాడు. ధర్మా తల్లి చనిపోయి అప్పటికి నెల కాలేదు.

"పెట్టు కింద," అన్నాడు ధర్మా.

రెండు కొక్కేలు సిమెంటు నేల మీద గణగణమన్నాయి. చుట్టూ మనుషులు గుండ్రంగా నిలబడ్డారు. మొదటి దెబ్బకు జాన్ పెదవి చీలింది. రెండో దెబ్బకు నోట్లో ఇనుము రుచి తగిలింది. ధర్మా అతన్ని పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి, ఒక్కో గుద్దుకు తల్లి పేరు ఒక్కోసారి పలుకుతూ కొట్టాడు. అందరూ చూస్తున్నారు. ఎవరో నవ్వారు. జాన్ కుడిచెయ్యి నేల మీద గాలికి కొట్టుకునే గోనెపట్టలా వెతుక్కుంటూ పోయింది. వేళ్లకు చల్లగా ఏదో తగిలింది.

చప్పుడు కాలేదు. ఎడమ భుజం కింద, ఎముక పక్కనుంచి, పండులోకి గోరు దిగినట్టు దిగింది. ధర్మా కేక కూడా వేయలేదు. తన ఒంట్లోంచి బయటికి వచ్చిన వంకర ఇనుమును వింతగా చూసుకున్నాడు. తర్వాత నెత్తురు వడ్ల మీద పడింది. వడ్లు దాన్ని తాగేశాయి.

పోలీసుల దాకా పోలేదు. దవాఖానలో ధర్మా "లారీ మీదికెళ్లి పడ్డ" అనే చెప్పాడు. ప్రాణం నిలిచింది, చెయ్యి నిలవలేదు. ఎడమచెయ్యి ఇక ఛాతీ దాటి పైకి లేవదు, రెండు వేళ్లు ముడుచుకోవు. మిల్లులో అతన్ని బస్తా మూతులు కుట్టే మిషను దగ్గర కూర్చోబెట్టారు.

జాన్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడో రోజు పనిలోకి వచ్చి, వీపు మీద గోనెపట్ట వేసుకుని, బస్తాల ముందు వంగి నిలబడ్డాడు. వంగే ఉన్నాడు. అతని పక్కనుంచి బస్తాలు పోతున్నాయి, కాళ్లు పోతున్నాయి, చెమట వాసన పోతోంది. వీపు మీదికి ఏదీ రాలేదు. నడుము పట్టేసేదాకా వంగి, చివరికి లేచాడు.

"కాకా, ఇగ నన్ను సంపుండ్రి. గిట్ల నిలబెట్టకుండ్రి," అన్నాడు మంగ్త్యాతో.

ముసలి మేస్త్రీ బీడీ ఆర్పాడు. "నేను సెప్తె ఎత్తుతరు బిడ్డా. గానీ సెప్ప. ధర్మా మనసు మర్లాలె. అది మర్లిందాక నీ ఈపు మీదికి గింజ గూడ రాదు."

సూర్యాపేట యార్డుకు పోయి చూశాడు. అతని కంటే ముందే కబురు పోయింది. తండ్రికి బస్తాలెత్తిన ముసలివాళ్లు కూడా తలలు పక్కకు తిప్పుకున్నారు. తిరిగి మిర్యాలగూడే వచ్చి, తల్లి పక్కన చీపురు పట్టాడు. అరవై కిలోల బస్తాను పరుగున మోసిన చేతులు నేల మీద రాలిన గింజల్ని పోగుచేయడం మొదలుపెట్టాయి. ఆడవాళ్లు మొదట నవ్వారు. తర్వాత జాలిపడ్డారు. జాలి ఎక్కువ నొప్పి పెట్టింది.

ధర్మా అతనితో మాట్లాడలేదు. ఒక ఏడాది గడిచింది. రోజూ ముప్పై అడుగుల దూరంలో మిషను టకటకమంటూ బస్తాల నోళ్లు కుట్టేస్తూ ఉండేది.

అప్పుడు ఆ ఆట వచ్చింది. పేరు ఊకదుమారం. కోదాడలో అన్నాచెల్లెళ్లు వంశీధర్, హారిక కలిసి తయారుచేశారు. ఇంజనీరింగ్ చదివి, తండ్రి వడ్ల కొట్టు మీది గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకున్నారు. చిన్నప్పుడు చుట్టాల మిల్లులో చూసిన హమాలీలను వంశీధర్ మరచిపోలేదు. ఆటలో ఒక పెద్ద మిల్లు ఉంటుంది. ఒక్కో జట్టులో నలుగురు. ఇద్దరు ఎత్తితే మూడోవాడు బస్తా మోస్తాడు. ముందుగా ఎవరి లారీ నిండితే వాళ్లు గెలిచినట్టు. బస్తా మోయాలంటే కొక్కెం కింద పెట్టాలి. మిగతా సమయమంతా చేతిలో కొక్కెంతో అవతలి జట్టువాళ్లను చంపవచ్చు.

ఆడేవాళ్లకు బస్తాలు అక్కర్లేకపోయాయి, చంపడమే కావాలి. వాళ్లు రాసే అభిప్రాయాలన్నీ హారిక చదివేది.

"భుజం మీద కొడితే దోమ కుట్టినట్టుంది. మెడ మీద దిగాలె అన్నా."

"రక్తమా అది, టమాట చారా?"

"ఎముక ఇరిగిన సౌండ్ పెట్టుండ్రి, ఐదు స్టార్లిస్త."

వంశీధర్ అన్నీ పెట్టాడు. మెడ పెట్టాడు, చిక్కటి నెత్తురు పెట్టాడు. చెరుకుగడ విరిచి, ఆ చప్పుడును ఎముకకు అతికించాడు. ఆడేవాళ్ల మాటే మనకు దారి అనేవాడు. దారి పొడవునా జనం పెరిగారు. మూడు పట్టణాల్లోని కాలేజీ హాస్టళ్లు, టీ కొట్లు, బస్టాండ్లు ఆ చెరుకుగడ చప్పుడుతో నిండిపోయాయి.

మిర్యాలగూడ మిల్లులో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక హమాలీలు బస్తాల మీద వాలి అదే ఆడేవారు. తమ బతుకే ఫోనులో దూకుతూ చస్తూ ఉంటే పగలబడి నవ్వేవారు. "అరే, గీ బొమ్మ నడుము సూడుండ్రి రా, మన మంగ్త్యా కాక లెక్కనే ఒంగింది!"

జాన్ ఊక బస్తాల గోడ వెనక కూర్చుని 'బస్తా జాన్' అనే పేరుతో ఆడాడు. నాలుగో రోజు, ఆటలోని మిల్లు గుమ్మంలో ఎదురుగా ఒక బొమ్మ నిలబడి ఉంది. నెత్తిన 'తండా ధర్మా' అన్న పేరు.

జాన్ గోడ పక్కనుంచి తొంగి చూశాడు. ముప్పై అడుగుల అవతల, మిషను పక్కన, నిజం ధర్మా తల వంచుకుని ఫోను చూస్తున్నాడు. ఏడాదిగా నోటితో అనలేనిది చేయడానికి ఇక్కడ ఒక్క మీట చాలు. జాన్ నొక్కాడు. అతని బొమ్మ కొక్కేన్ని కింద పెట్టి, ఖాళీ చేతులతో నిలబడింది.

ధర్మా బొమ్మ నడిచి వచ్చింది. మెడలోకి కొక్కెం వేసింది. లాగింది. చెరుకుగడ విరిగింది. తెరంతా ఎర్రగా నిండింది.

మర్నాడు మళ్లీ పెట్టాడు. మళ్లీ మెడ. ఆ మర్నాడు కడుపు. ఒక రోజు ధర్మా అతన్ని చంపకుండా కాలికి కొక్కెం తగిలించి మిల్లంతా ఈడ్చాడు. బాయిలర్ చుట్టూ, లారీల కింద, మెట్ల మీద తల ఠంగుఠంగున కొట్టుకుంటూ ఉంటే ఈడ్చి, ఈడ్చి, ఊకగుంటలో వేసి తొక్కాడు. రోజూ ఇదే జరిగింది. వారాలు గడిచాయి. జాన్ ఒక్కసారి కూడా కొక్కెం ఎత్తలేదు. ఒళ్లంతా గాయాలు లేకుండానే సలిపేది. అన్నం ముద్ద ఎర్రగా కనిపించేది.

"ఏందిరా గా ఫోనుల? సచ్చిన శవం లెక్క మొకం పెడ్తవ్," అనేది సుందరమ్మ.

"ఏం లేదమ్మా. ఆట."

"గది ఆటనా! ప్రభువా, ఈనికి జర బుద్ధియ్యి."

ఒకరోజు, ఇక తట్టుకోలేక, ఆట తయారుచేసినవాళ్లకు రాశాడు: "కొక్కెం కింద పెట్టినోన్ని కొట్టనియ్యకుండ్రి." కింద ఊరు, పేరు. జవాబు వచ్చింది: "మీ విలువైన సూచనకు ధన్యవాదాలు. పరిశీలిస్తాం." మర్నాడు మళ్లీ అదే రాశాడు. అదే జవాబు. ఇరవై రోజులు రాశాడు. ఒకసారి మాత్రం ఇంకో వాక్యం కలిపాడు: "మనిషికి దిగితే చప్పుడు కాదు. మీది తప్పు చప్పుడు."

ఆ వాక్యం దగ్గర హారిక ఆగిపోయింది. ఈసారి తనే, ధన్యవాదాలు లేకుండా, ఒక ప్రశ్న రాసింది: "మీకెలా తెలుసు?"

జాన్ రాయలేదు. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కాడు. కోదాడలో దిగి, అడుగుతూ అడుగుతూ వడ్ల కొట్టు మెట్లెక్కాడు. లోపల ఇద్దరు పడుచువాళ్లు, గోడల నిండా కొక్కేల బొమ్మలు.

"సార్, మిర్యాలగూడ జాన్ అంటే నేనే."

"బస్తా జానా! రోజూ ఒక్కటే మాట రాస్తారు కదండీ మీరు?" అన్నాడు వంశీధర్. "కూర్చోండి. మేమిద్దరం మిమ్మల్ని రికార్డింగ్ అని పిలుచుకుంటాం."

జాన్ కూర్చోలేదు. నిలబడే కట్టుబాటు సంగతి చెప్పాడు. కొక్కెం కింద పెట్టడం అంటే ఏమిటో, దాన్ని మళ్లీ అందుకోవడం అంటే ఏమిటో.

"మరి ఎవరైనా అందుకుంటే?" అడిగింది హారిక.

"అందుకుంటే ఇగ వానికి ఎవడు బస్తా ఎత్తడు మేడమ్. వాడు బతికే ఉంటడు. గంతే."

"అలా అందుకున్నవాళ్లని చూశారా?"

జాన్ తన కుడిచేతిని బల్ల మీద పెట్టాడు, అప్పగించడానికి తెచ్చిన వస్తువును పెట్టినట్టు. "ఇదే మేడమ్ గా చెయ్యి."

జాన్ అంతవరకే చెప్పాడు. ధర్మా రోజూ తనను ఆటలో చంపుతున్నాడని చెప్పలేదు. ఆ బాధ ఆగాలనే వచ్చానని చెప్పలేదు. అదొక్కటి నాలుక కింద దాచుకున్నాడు.

అతను దిగిపోయాక అన్నాచెల్లెళ్లు వాదించుకున్నారు.

"వెయ్యి మంది మెడ కావాలన్నారు, ఇచ్చాం. ఈయనొక్కడి కోసం ఆట మార్చేస్తామా?" అన్నాడు వంశీధర్.

"ఆ వెయ్యి మందిలో కొక్కెం పట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడా అన్నయ్యా? మనం ఇన్నాళ్లూ గట్టిగా అరిచినవాళ్ల మాట విన్నాం, తెలిసినవాడికి ధన్యవాదాలు పంపాం."

"వారం రోజులు చూద్దాం. బెడిసికొట్టిందనుకో, నువ్వే సర్దుకోవాలి."

అలా కొత్త నియమం వచ్చింది. కొక్కెం కింద పెట్టినవాడి మీద దెబ్బ పడదు. పెట్టినవాడు మళ్లీ ఎత్తుకుంటే ఆ ఆట ముగిసేదాకా అతనికి ఎవరూ బస్తా ఎత్తలేరు. ప్రకటన కింద హారిక మర్యాదగా ఒక వరుస రాసింది: "మిర్యాలగూడ నుంచి బస్తా జాన్ గారి సూచన మేరకు."

మొదటి గంటలోనే జనం దారి కనిపెట్టారు. కొక్కెం కింద పెట్టి, ఏ దెబ్బా తగలకుండా నవ్వుకుంటూ నడిచివెళ్లి, శత్రువు వీపు తిప్పగానే చటుక్కున ఎత్తుకుని వెన్నులో దించడం. శిక్షగా బస్తా ఎత్తరట! బస్తాలెవరిక్కావాలి? మిల్లులో మనిషిని పస్తులుంచే శిక్ష ఫోనులో జోకైపోయింది. సాయంత్రానికి వెన్నుపోట్ల నెత్తురుతో ఊకదుమారం అంతా బురద. ఆట పాడుచేశారని తిట్లు వాగులా వచ్చాయి. హారికను ఏమేం చేస్తారో వివరంగా రాశారు. బస్తా జాన్ దొరికితే ఎక్కడెక్కడ కొక్కేలు దించాలో పటం గీసి పంపారు.

మూడో రోజు పొద్దున పదింటికి నలుగురు కోదాడ వడ్ల కొట్టు మెట్లెక్కారు. కాలేజీ బ్యాగులు భుజాన ఉన్నాయి.

"ఎవడ్రా ఇక్కడ గేమ్ మార్చింది?"

"నేనే, చెప్పండి," అంటూ వంశీధర్ లేచాడు.

వాళ్లు చెప్పలేదు. కీబోర్డు ఎత్తి అతని నెత్తిన కొట్టారు. అక్షరాలు గదంతా చెదిరాయి. కిందపడ్డవాణ్ణి నలుగురూ తన్నారు, ఒకడు తన్నుతూ ఫోనులో తీశాడు. హారిక వేడి చాయ్ ఫ్లాస్కు మూత తీసి ఆ ఫోను పట్టుకున్నవాడి మొహాన కొట్టింది. వాడు అరుస్తూ మెట్ల మీద దొర్లాడు. మిగతావాళ్లు పోతూ పోతూ నాలుగు తెరలూ పగలగొట్టారు. గోడ మీది కొక్కేల బొమ్మల మీద వంశీధర్ నెత్తురు చిలికింది. అది ఆటలో పెట్టిన నెత్తురంత చిక్కగా లేదు.

అదే రోజు మధ్యాహ్నం మిర్యాలగూడలో జాన్ ఆట తెరిచాడు. మూడు రోజులుగా ధర్మా రాలేదు. ఇవాళ వచ్చాడు. జాన్ కొక్కెం కింద పెట్టాడు.

ధర్మా బొమ్మ వచ్చింది, ఎత్తింది, వేసింది. కొక్కెం గాలిలోనే ఆగింది. తెర మీద ఒక వాక్యం వెలిగింది: కొక్కెం కింద పెట్టినవాడిని కొట్టరాదు. మళ్లీ వేసింది. ఆగింది. మళ్లీ. ఇరవై సార్లు, ముప్పై సార్లు. గాజు గోడకు కొట్టుకునే పిట్టలా ఆ బొమ్మ కొట్టుకుంటూనే ఉంది. జాన్ మొదట ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఎందుకో ఊపిరి ఆడలేదు.

మిషను దగ్గర ఫోను నేలకేసి కొట్టిన చప్పుడైంది. తలెత్తేసరికి ధర్మా ఊక గోడ దాటి వచ్చేశాడు.

మొదటి గుద్దు ముక్కు మీద పడింది. ఏదో చిట్లింది. రెండోది కంటి మీద. ధర్మా కుడిచెయ్యి ఒక్కటే, కానీ ఏడాది కోపం రెండు చేతులదీ అందులోనే ఉంది. జాన్ పడ్డాడు. ధర్మా పక్కనున్న చీపురు కర్ర తీసుకుని వీపు మీద, పక్కటెముకల మీద, అడ్డం పెట్టని చేతుల మీద కొట్టాడు. కర్ర విరిగింది. కాలితో తన్నాడు. ఊడ్చే ఆడవాళ్లు కేకలు వేశారు. సుందరమ్మ పరిగెత్తుకొచ్చి ధర్మా నడుము పట్టుకుంది.

"అయ్యా, ధర్మా, నీ కాల్మొక్త! ఒక్కడే కొడుకు నాకు!"

మంగ్త్యా వచ్చి ఆమెను మెల్లగా విడదీశాడు. "నువ్వు పక్కకు జరుగమ్మా. ఏడాదికెళ్లి బయటికి వస్తలేదు వాని కోపం. రానియ్యి."

"గేములగూడ నా చెయ్యి కట్టేసినవ్ గదరా!" ధర్మా గొంతు చీలింది. "పేరు రాసుకున్నవ్ గదరా కింద, జాన్ గారు అని! ఈ చెయ్యి సూడు. సూదిల దారం ఎక్కియ్యనీకి వణుకుతది. నా బిడ్డను ఎత్తుకుంటే జారుతది. గా గేముల వణకదు. గాడ నాకు రెండు చేతులున్నయ్ రా, రెండు! రోజుకొక్క అరగంట నేను మల్ల మనిషినైతుంటి. నిన్ను సంపి, నిమ్మలంగ వొయ్యి కుట్టుకుంటుంటి. గా ఒక్క జాగ గుంజుకున్నవ్!"

జాన్ నోట్లో నెత్తురుతో ఏదో అనబోయాడు. అప్పటికే ధర్మా వెళ్లిపోయాడు. కాసేపటికి మిషను మళ్లీ టకటకమంది, కానీ ఆగి ఆగి.

మర్నాడు జాన్ ఒక కన్ను మూసుకుపోయిన మొహంతో కోదాడ మెట్లెక్కాడు. పగిలిన తెరల మధ్య వంశీధర్ నెత్తికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. ఒకరినొకరు చూసుకున్నారు.

"మిమ్మల్ని కూడా మా ప్లేయర్లేనా?"

"ఒక్కడే సార్. మీ దగ్గరికెంతమంది వచ్చిండ్రు?"

"నలుగురు."

"అయ్యో."

హారిక ముగ్గురికీ చాయ్ పోసింది. జాన్ గ్లాసు ముట్టుకోలేదు, పెదవి పగిలి ఉంది. "మేడమ్, నేను అడిగింది తీసెయ్యుండ్రి."

"తీసేది లేదు," అన్నాడు వంశీధర్. "ఇదివరకైతే తీసేవాణ్ణి. నిన్న కొట్టాక తీయను. కొడితే వింటాడని తెలిస్తే రేపు ప్రతివాడూ కర్ర పట్టుకుని ఈ మెట్లెక్కుతాడు. ఇక ఎవరి మాటా విననండీ. నా ఆట, నా ఇష్టం."

"వాళ్ల మాట వినొద్దు అన్నయ్యా. ఈయన మాట విను."

"ఈయన మాట విన్నందుకే కదే ఆరు కుట్లు!"

జాన్ తలవంచుకున్నాడు. "నేను అబద్ధమాడిన సార్. కట్టుబాటు అని సెప్పిన గానీ, కట్టుబాటు కోసం అడగలె. నేను పొడిసినోడు మీ ఆటల రోజు నన్ను సంపుతున్నడు. గది సూడలేక అడిగిన. నా నొప్పి తగ్గాలని అడిగిన."

హారిక తన గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మా జట్టుల కొక్కెం కింద పెట్టినోన్ని కొట్టరు సార్. సేతగాక కాదు. సేతనై, సేతుల ఇనుమువెట్టుకోని, కొట్టరు. గదీ కట్టుబాటు. మీరు వాని చెయ్యే కట్టేస్తిరి. ఇగ వాడు నన్ను ఇడిసిపెట్టిండో, కొట్టలేక ఊకున్నడో నాకెట్ల ఎర్కైతది? వాని చెయ్యి నేను ఒకసారి తీస్కున్న. మీతోటి రెండోసారి తీయించిన. వాన్ని కొట్టనియ్యుండ్రి. కొడితే కొట్టనీ. ఎప్పటికన్న కొట్టకుంటే, అది వాడు కొట్టకపోవుడు కావాలె."

వంశీధర్ కట్టు అంచు గోక్కున్నాడు. అడిగినవాళ్లు అడిగింది ఇచ్చాడు, వెయ్యి మందికీ, ఒక్కడికీ. ఎందుకు అడుగుతున్నావని ఎవరినీ అడగలేదు.

"ఆ నలుగురూ తామే గెలిచామనుకుంటారు," అన్నాడు చివరికి.

"అనుకోనీ సార్. మనం ఇద్దరం దెబ్బలు తిన్నం, గెలుసుడు ఓడుడు మనకెందుకు?"

వంశీధర్‌కు నవ్వు వచ్చింది, కుట్లు లాగి మొహం ముడుచుకుంది. ఆ సాయంత్రమే, మిగిలిన ఒక్క మంచి తెర మీద, హారిక నియమం తీసేసింది. ప్రకటనలో ఎవరి పేరూ రాయలేదు.

మర్నాటి మధ్యాహ్నం ధర్మా ఆటలోకి వచ్చాడు. అద్దం పగిలిన ఫోనే. జాన్ కొక్కెం కింద పెట్టాడు. ధర్మా బొమ్మ ఒకసారి గాలిలో వేసి చూసుకుంది, నమ్మలేనట్టు. తర్వాత మెడలో దించింది. తెర ఎరుపెక్కింది. ముప్పై అడుగుల అవతల ధర్మా గట్టిగా ఊపిరి వదలడం జాన్‌కు వినిపించింది. ఆ రోజు మిషను ఆగకుండా నడిచింది.

ఆ తర్వాత పదకొండు మధ్యాహ్నాలు జాన్ చచ్చాడు. మెడ, కడుపు, మెడ, వెన్ను. ఒకసారి బాయిలర్‌లో వేశాడు. ఒకసారి లారీ టైరు కింద పెట్టాడు. చంపేవాడి చేతిలో ఏదో మారుతున్నట్టు జాన్‌కు అనిపించేది, కానీ నమ్మేవాడు కాదు. ఈడ్చడం మానేశాడు. తర్వాత తొక్కడం మానేశాడు. ఇప్పుడు ఒక్కటే దెబ్బ, రోజూ చేసే పని చేసినట్టు. జాన్ వాచిన ముక్కు వంకరగానే అతుక్కుంది.

పన్నెండో మధ్యాహ్నం ఎండ రేకుల్లోంచి కత్తుల్లా దిగుతోంది. జాన్ కొక్కెం కింద పెట్టాడు. ధర్మా బొమ్మ వచ్చింది. కొక్కెం ఎత్తింది. ఎత్తి, నిలబడింది.

జాన్ ఎదురుచూశాడు. బొమ్మ కదల్లేదు. ఫోను ఆగిపోయిందేమోననుకున్నాడు. కానీ ఆటలో ఊక ఎగురుతోంది, దూరంగా ఎవరో ఎవరినో నరుకుతున్నారు. కొక్కెం పైనే ఉంది. నిజం మిల్లులో కూడా ఏ అలికిడీ లేదు. జాన్ తలెత్తి చూడలేదు, చూస్తే ఏదో చెదిరిపోతుందని.

అంతలో ధర్మా బొమ్మ వెనకనుంచి సూర్యాపేట జట్టువాడెవడో దూకాడు. కొక్కెం మెడలోకి పోయింది, రెండుసార్లు. తల వాలిపోయింది. వాడు అదే ఊపులో జాన్ పొట్ట కూడా చీల్చి, గెంతులేస్తూ పోయాడు. రెండు శవాలు పక్కపక్కనే పడ్డాయి.

"ఏంరా!" మిషను దగ్గరినుంచి కేక. పావురాలు లేచిపోయాయి. "సూస్కుంట నిలబడ్డవేందిరా సన్నాసి! నా ఎనక ఎవడో వస్తున్నడని సెప్పొద్దా?"

బస్తాల మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. మంగ్త్యా బీడీ నోటి దగ్గరే ఆగిపోయింది.

జాన్ ఊక గోడ వెనకనుంచి లేచాడు. "నువ్వు కొడ్తవనుకున్న, ధర్మన్నా. నీ సెయ్యే సూస్తున్న."

"నా సెయ్యి ఏం సూస్తవ్, ఎనక సూడాలె!" ధర్మా చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. "వాడు సూర్యాపేటోడు. మీ ఊరోడే. ఇంకా గాడనే తిరుగుతుండు. రా మల్ల గేము లోపలికి."

"వచ్చి? కింద పెట్టాల్నా?"

"పెడ్తె పెట్టు, లేకుంటె లేదు."

"నువ్వు కొడ్తవా?"

"గది నా ఇష్టం," అన్నాడు ధర్మా.